సంతాన నిరోధం: ఎవరి విజ్ఞానం? ఎవరి నిర్ణయం?

గర్భనిరోధక ఔషధాల మంచిచెడ్డలు డాక్టర్లు తేల్చుకోవలసిన విషయమనీ, విమర్శ వ్యాసాల పత్రికకు అందులో పని లేదనీ అనేవారున్నారు. భూమి గురించీ, కూలిరేటు గురించీ, మిర్చియార్డులో ధరల గురించీ మాట్లాడే హక్కు మనకున్నప్పుడు, ఆ మిరపకాయ కోసే స్త్రీ శరీరంలోకి ఏ పదార్థం ఎందుకు పోతున్నదో మాట్లాడే హక్కు మాత్రం ఎందుకు లేదు? ఆమె శ్రమ మన చర్చకు పనికివచ్చి, ఆమె శరీరం పనికిరాకపోవడమేమిటి?

ఈ విషయంలో రెండు వాదాలు ప్రచారంలో ఉన్నవి. మొదటిది కార్యాలయాలలో పుట్టినది. "ఇబ్బందులన్నీ ఏకరువు పెడితే చదువులేని ఆడవాళ్ళు బెదిరిపోతారు, మందు ఇవ్వండి, మాటలు తగ్గించండి" అంటుంది. రెండవది మన మిత్రులలోనే కొందరిది. "హార్మోను మందులన్నీ విదేశీ కంపెనీల విషాలు, వాటిని తరిమివేయాలి" అంటుంది. మొదటివారు స్త్రీకి చెప్పరు. రెండవవారు స్త్రీని అడగరు. ఇద్దరి లెక్కలోనూ ఆమెకు సొంత ఆలోచన లేదు. నేను చెప్పదలచినది ఒక్కటే. ఈ మందుల గుణమూ దోషమూ తెలిసినవే, మామూలు తెలుగులో చెప్పదగినవే. చెప్పి ఎంచుకోనిస్తే అది వైద్యం. చెప్పకుండా ఇస్తే అది పెత్తనం.

చెప్పదగినవని ఊరికే అంటే చాలదు గనుక చెప్పి చూపుతాను. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోనుల ప్రేరణతో ప్రతి నెలా అండాశయంలో అండం పండి విడుదలవుతుంది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ వంటి బిళ్ళలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ జాతి హార్మోనులు కొద్ది మోతాదులో ఉంటాయి. అవి రోజూ అందుతున్నంతకాలం పిట్యూటరీ ఆ ప్రేరణ ఇవ్వడం మానుతుంది. అండం విడుదల కాదు. గర్భాశయ ముఖద్వారంలోని జిగురు చిక్కబడి వీర్యకణాలకు అడ్డుపడుతుంది. అట్టలో 28 బిళ్ళలుంటే 21 మాత్రమే హార్మోనువి. తక్కిన 7 ఇనుము బిళ్ళలు.

మొదటి నెలలలో వికారం, తలనొప్పి, రొమ్ముల సలపరం, నెలసరి మధ్యలో మరకలు కనిపించవచ్చు. చాలమందికి రెండు మూడు నెలలలో సర్దుకుంటాయి. అరుదైనదీ, ప్రమాదకరమైనదీ సిరలలో రక్తం గడ్డకట్టడం. బిళ్ళ వాడని స్త్రీలు పదివేలమందిలో ఏడాదికి 1 నుంచి 5 గురికి వచ్చే యీ జబ్బు, వాడేవారిలో 3 నుంచి 9 మందికి వస్తుంది. కాని అదే జబ్బు గర్భిణులలో 5 నుంచి 20 మందికి వస్తుంది. బిళ్ళ వాడేవారి అంకెను దాచడం మోసం. గర్భిణుల అంకెను దాచి, బిళ్ళ అంకెను మాత్రమే చెప్పి భయపెట్టడమూ మోసమే. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు, కళ్ళముందు మెరుపులతో పార్శ్వపు తలనొప్పి వచ్చేవారు, 35 ఏళ్ళు దాటి చుట్టగాని సిగరెట్టుగాని తాగేవారు, ఆరు నెలలలోపు బిడ్డకు పాలిచ్చేవారు ఈ బిళ్ళకు దూరంగా ఉండాలి. వాడినంతకాలం రొమ్ము క్యాన్సరు ప్రమాదం స్వల్పంగా పెరుగుతుంది. అండాశయ, గర్భాశయ లోపలిపొర క్యాన్సర్ల ప్రమాదం తగ్గుతుంది. నెలసరి రక్తస్రావం తగ్గడంవల్ల రక్తహీనత ఉన్నవారికి మేలు కలుగుతుంది.

ఇక సూది. 2017 నుంచి ప్రభుత్వం "అంతర" పేరుతో ఇస్తున్న డి.ఎం.పి.ఎ. సూదిలో ప్రొజెస్టిరాన్ జాతి హార్మోను ఒక్కటే ఉంటుంది. మూడు నెలలకొక 150 మిల్లీగ్రాముల మోతాదు అండం విడుదలను ఆపుతుంది. మొదట నెలసరి లెక్క తప్పుతుంది. ఏడాదయ్యేసరికి దాదాపు సగం మందికి పూర్తిగా ఆగిపోతుంది. కొందరు బరువెక్కుతారు. ఎముకల సాంద్రత కొంత తగ్గి, సూది మానిన తరువాత చాలవరకు తిరిగి వస్తుంది. మానినా గర్భం రావడానికి నెలలు పడుతుంది. అన్నిటికంటె ముఖ్యమైనది, బిళ్ళ పడకపోతే రేపు మానవచ్చును. వేసిన సూదిని వెనక్కి తీయలేము. అందువల్ల సూదికి ముందు చెప్పే నాలుగు మాటలకు బిళ్ళకు ముందు చెప్పే మాటలకన్న విలువ ఎక్కువ. హార్మోను వద్దనుకొనేవారికి లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ కనిపెట్టిన సెంట్‌క్రోమాన్ బిళ్ళ ఉన్నది. "ఛాయ" పేరుతో ఇస్తారు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తరువాత వారానికొకసారి వేసుకోవాలి. కొందరికి నెలసరి ఆలస్యమవుతుంది.

ఇంతే. దీనిలో బెదిరిపోవలసినదేమున్నది? అర్థం కానిదేమున్నది?

చెప్పకుండా నడిపిన చరిత్ర మాత్రం పెద్దదే. 1956లో బిళ్ళను మొదట పెద్ద ఎత్తున పరీక్షించినది పోర్టోరికోలోని పేద స్త్రీలమీద. ఆనాటి బిళ్ళలో ప్రొజెస్టిరాన్ జాతి హార్మోను సుమారు 10 మిల్లీగ్రాములు. నేటి మాలా-ఎన్‌లో ఉన్నది అందులో పదోవంతు కూడా కాదు. అక్కడ పని నడిపిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే, 17 శాతం స్త్రీలకు ఇబ్బందులు వస్తున్నవనీ, అందరికీ ఇవ్వదగినది కాదనీ నివేదించింది. ఆమె మాటను పక్కన పెట్టారు. 1970లో అమెరికా సెనేటులో బిళ్ళపై విచారణ జరిగితే, వాడిన స్త్రీలలో ఒక్కరినీ సాక్షిగా పిలవలేదు. యువతులు ప్రేక్షకులలోనుంచి లేచి నిలదీశారు. ఆ తరువాతే బిళ్ళతోపాటు హెచ్చరిక కాగితం వచ్చింది. మోతాదులు తగ్గడంలోనూ స్త్రీల ఫిర్యాదులకు భాగమున్నది. ఫిర్యాదు శాస్త్రానికి శత్రువనేవారు ఈ చరిత్ర చదవాలి.

మన దగ్గరి చరిత్ర ఇంతకన్న భిన్నం కాదు. హైదరాబాదుకు దగ్గరలోని పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 1985లో నెట్-ఎన్ అనే రెండు నెలల సూదిపై భారత వైద్య పరిశోధనా మండలి ప్రయోగం జరిగింది. సూది వేయించుకోవడానికి వచ్చిన స్త్రీలకు అది ప్రయోగమన్న సంగతి తెలియదు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు వెళ్ళి వివరించిన తరువాత చాలమంది వెనక్కి తగ్గారు. చదువులేని స్త్రీలు అర్థం చేసుకోలేరన్న వాదానికి అదే జవాబు. అర్థం చేసుకోబట్టే వెనక్కి తగ్గారు. 1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీకి చెందిన సహేలీ తదితరులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. నెట్-ఎన్‌ను సామూహిక కార్యక్రమంలో ప్రవేశపెట్టబోమని ప్రభుత్వం చెప్పడంతో 2000లో ఆ కేసు ముగిసింది. కాని పటాన్‌చెరులో లేచిన ప్రశ్న ముగియలేదు.

ఆ ప్రశ్నను గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేలలో పెట్టి చూద్దాం. "మధ్యమధ్య మరకలు" అనే మాట వైద్యగ్రంథంలో స్వల్ప ఇబ్బందుల వరుసలో ఉంటుంది. మరుగుదొడ్డి లేని మిరపచేలో, చుక్కనీరు దూరంలో ఉన్నచోట, తెల్లవారకముందే ఆటో ఎక్కి పొద్దుగూకేదాకా వంగి కోసే స్త్రీకి అది స్వల్పమా? ఒకరోజు కూలి పోవడం స్వల్పమా? కర్నూలు పడమటి మండలాలనుంచి మిరపకోతలకు వలసవచ్చే స్త్రీకి రెండో సూది గడువు వచ్చేసరికి ఆమె ఇక్కడి చేనిగట్టు మీద ఉంటుంది. ఆమె కార్డు అక్కడి ఆశా వర్కరు దగ్గర ఉంటుంది. దుష్ఫలితం మందులో ఎంత ఉన్నదో బతుకులోనూ అంతే ఉన్నది. ముందుగా చెప్పని రక్తస్రావం ఆమెను బెదరగొడుతుంది. బెదిరిన మనిషికి గర్భసంచి తీసేయడమే మందని చెప్పేవారికి కొదవ లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటా 3 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం.

ప్రత్తిపాడు వైపు మిరపకోతలలో ఒకామె నాతో అన్నది: "ఆపరేషనయితే ఒక్కసారితో పోద్ది మాస్టారూ. సూది సంగతి మాకెవురు చెప్పారండీ? చెపితే వినమా?" ఈ మాటలో మన రాష్ట్ర పరిస్థితి అంతా ఉన్నది. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషను చేయించుకొన్నవారే. బిళ్ళ, సూది, లూపు, నిరోధ్ అన్నీ కలిపినా రెండు శాతం లేవు. పురుషుల ఆపరేషన్లు ఒక శాతమైనా లేవు. అది స్త్రీ ఆపరేషనుకన్న తేలికైనదైనా సరే. హార్మోనులు విషమని తరిమివేయాలనే మిత్రులారా, తరిమివేసిన చోట మిగిలినది స్వేచ్ఛ కాదు, కత్తి. శిబిరాలలో గుంపుగా ఆపరేషన్లు చేసే పద్ధతిని మూడేళ్ళలో ఆపాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. అయినా 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజున 34 మందికి చేశారు, నలుగురు మరణించారు.

ఎందుకీ తొందర? దారిద్ర్యానికి జనమే కారణమన్న మాల్థస్ సిద్ధాంతం 1952లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమానికి ఊపిరి పోసింది. ఇద్దరికి మించి కన్నవారు పంచాయతీకి పోటీ చేయరాదని 1994లో మన రాష్ట్రంలో చట్టం చేశారు. 2024 నవంబరులో అదే శాసనసభ ఆ నిబంధనను రద్దు చేసింది. ఇప్పుడు జనం తగ్గుతున్నారని బెంగ. నిన్న కనవద్దన్నవారే నేడు కనమంటున్నారు. రెండుసార్లూ ఆమెను అడగలేదు.

కాబట్టి మన కోరిక మందును నిషేధించమని కాదు, మందును పొగడమనీ కాదు. ప్రతి పద్ధతి గుణదోషాలు తెలుగులో, కూలిస్త్రీ మాటలో, ముందుగా చెప్పాలి. వద్దంటే ఒప్పుకోవాలి. వేసిన తరువాత ఇబ్బంది వస్తే చూసే దిక్కుండాలి. కార్డు ఏ ఊరిదైనా సూది ఏ ఊళ్ళోనైనా దొరకాలి. పురుషుడి ఆపరేషను గురించి పురుషులకు చెప్పాలి. కాలేజీలో జీవశాస్త్రం చెప్పే అధ్యాపకుడు ప్రత్యుత్పత్తి పాఠాన్ని "ఇంట్లో చదువుకోండి" అని దాటవేయడం మానాలి. చదువుకొన్న విద్యార్థి ఆ పాఠాన్ని తన తల్లి కోతకు వెళ్ళే చేనిదాకా తీసుకుపోవాలి. ఆ పని రేపటి సభలో తీర్మానం చేసేదాకా ఆగనక్కరలేదు.