తేదీ ముందు, కృష్ణుడు తర్వాత

ఇక్కడి కమ్యూనిటీ థియేటర్ వాళ్ళు వచ్చే సీజన్‌లో ఆడబోయే మ్యూజికల్స్ పేర్లు ప్రకటించినప్పుడల్లా నాకు భలే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ జాబితాలో చివరి నాటకానికి కథానాయిక ఎవరో అప్పటికి వాళ్ళకే తెలియదు. ఆడిషన్లు జరిగి ఉండవు. కుట్టాల్సిన బట్టలు ఇంకా తానుల్లోనే ఉంటాయి. అయినా సీజన్ మొత్తానికీ కలిపి టికెట్లు అమ్మకానికి పెట్టేస్తారు. జనం కొనేస్తారు కూడా.

నేనుండే ఒట్టావాలో ఈ పని చేస్తున్నవాళ్ళలో బాగా పాత సంఘం ఆర్ఫియస్ మ్యూజికల్ థియేటర్ సొసైటీ. 1906లో బృందగానం పాడుకునే క్లబ్బుగా పుట్టి, తర్వాత నాటకాల్లోకి వచ్చింది. మామూలుగా సీజన్‌కి మూడు మ్యూజికల్స్ వేస్తుంది. సెంటర్‌పాయింట్‌లో తొమ్మిది వందలకు పైగా సీట్లున్న హాలు వాళ్ళ వేదిక. దాని మీద పాడి ఆడేవాళ్ళకు జీతం ఉండదు. పగలు ప్రభుత్వాఫీసులోనో, బళ్ళోనో, నాలాగా కంప్యూటర్ ముందో కూర్చుని, సాయంత్రం మంచులో కారు నడుపుకుంటూ రిహార్సల్‌కి పోయేవాళ్ళు.

మ్యూజికల్ అంటే మన పద్యనాటకానికి దూరపు చుట్టం అనుకోండి. కథ మాటల్లో నడుస్తుంటుంది, మాట చాలని చోట పాట అందుకుంటుంది. తేడా ఏమిటంటే, మనవాళ్ళు పద్యానికి ఒన్స్ మోర్ కొడితే కృష్ణుడు మళ్ళీ పాడతాడు, వీళ్ళు చప్పట్లు కొట్టి ఊరుకుంటారు.

అసలు సీజన్ ప్రకటించడం వెనక చాలా తతంగం ఉంది. బాగా తెలిసిన మ్యూజికల్ ఏదైనా సరే, మనకు నచ్చింది కదా అని వేసేయడానికి లేదు. మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్, కాంకర్డ్ థియేట్రికల్స్ లాంటి సంస్థల దగ్గర హక్కులు తీసుకోవాలి. హాల్లో ఎన్ని సీట్లు, టికెట్ ఎంత, ఎన్ని ఆటలు అన్నదాన్ని బట్టి రుసుము ఉంటుంది. అనుమతి లేకుండా ఒక డైలాగు మార్చకూడదు, ఒక పాట తీసేయకూడదు. దగ్గర్లోకి పెద్ద కంపెనీ ఏదైనా అదే నాటకంతో వస్తుంటే హక్కులు దొరక్కపోవచ్చు కూడా. కొన్నింటికైతే స్వరాల పుస్తకాలు అద్దెకిస్తారు. ఆటలయ్యాక పెన్సిల్ గీతలన్నీ చెరిపి వెనక్కి పంపాలి. ఇదంతా తేల్చుకుని, హాలు మాట్లాడుకుని, అప్పుడు పేర్లు బయటపెడతారు.

ఆ ఖర్చుకి ధైర్యం ఇచ్చేది సీజన్ టికెట్. అంటే చందా అన్నమాట, మన పాత పత్రికల చందా లాంటిదే. మూడింటిలో ఒకటి అందరికీ తెలిసిన నాటకం అయితే హాలు దానంతటదే నిండుతుంది. పేరు కూడా విననిదాన్ని బతికించేది చందాదారులు. వాళ్ళు కొనేది ఫలానా నాటకాన్ని కాదు, ‘వీళ్ళు ఏదో ఒకటి బాగానే చేస్తారులే’ అన్న నమ్మకాన్ని.

కెనడాలో ఇలా సరదాగా మొదలైనవి చాలా దూరం వెళ్ళాయి కూడా. ‘ది డ్రౌజీ షాపరోన్’ 1998లో టొరంటోలో ఒక మిత్రుడి పెళ్ళి వేడుక కోసం స్నేహితులు అల్లిన ఆట. 2006లో బ్రాడ్‌వే చేరి అయిదు టోనీ అవార్డులు తెచ్చుకుంది. 2001 సెప్టెంబరులో గాండర్ అనే చిన్న ఊళ్ళో దిగిపోయిన దాదాపు ఏడువేల మంది విమాన ప్రయాణికుల కథ ‘కమ్ ఫ్రమ్ అవే’. దాన్ని మొదట ఆడింది ఓక్‌విల్‌లో షెరిడన్ కాలేజీ విద్యార్థులు.

ఇదంతా తెల్లవాళ్ళ గొప్పగా చెప్పడం లేదు. సురభి వాళ్ళ నాటకం మొదలైంది 1885లో, ఆర్ఫియస్ కంటే 21 ఏళ్ళు ముందు. అయితే సురభి వాళ్ళది కుటుంబవృత్తి. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం నాటకం ఆడేవాళ్ళ సంగతి కావాలంటే బళ్ళారి చూడాలి. 1880ల్లో అక్కడ సరస వినోదిని సభ నడిపి, తెలుగు నాటకంలోకి పాటల్ని తెచ్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు. కోలాచలం శ్రీనివాసరావు వకీలు. బళ్ళారి రాఘవ కూడా వకీలే. పగలు కోర్టు, రాత్రి రంగస్థలం. కమ్యూనిటీ థియేటర్ అన్న మాట వాళ్ళకు తెలియదేమో గాని, చేసింది అదే.

తర్వాత మన దగ్గర కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు, గొంతుకొక రేటు. అద్భుతమైన గొంతులే, కాదనను. కానీ జనం నాటకం కోసం కాక కృష్ణుడి కోసం రావడం అలవాటైంది. ఆ కృష్ణుడు వెళ్ళిపోగానే జనమూ పల్చబడ్డారు.

ఇక్కడి మన తెలుగు కార్యక్రమాల్లోనూ నాకు కనిపించేది అలాంటి లోటే. సంక్రాంతికో, ఉగాదికో ఒక సాయంత్రం, నలభై అంశాలు. ఎవరి పిల్లల డాన్స్ అవగానే వాళ్ళ అమ్మానాన్నలు భోజనాల వైపు నడుస్తారు. పిల్లలు స్టేజీ ఎక్కడం మంచిదే. కాకపోతే పక్కవాళ్ళ పిల్లల కోసం కూర్చునే ప్రేక్షకుడు అందులోంచి తయారవడం లేదు.

మా ఎరికలో రిటైరయిన మాస్టారు ఒకాయన ఉన్నారు. ఏటా ఆరు నెలలు కొడుకు దగ్గర ఉండి వెళ్తారు. ఎవరింట్లోనైనా భోజనాలయ్యాక బతిమాలితే రాయబారం పద్యాలు అందుకుంటారు. ఎదుటివాళ్ళ చేతిలో కిళ్ళీ అలాగే ఉండిపోతుంది. ఈయనతో ఒక నాటకం వేయిద్దామని సంఘంలో ఒకరిని అడిగితే, “ఎవరు చూస్తారండీ?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ చూసేవాళ్ళు ముందే పుట్టి ఎదురుచూస్తుంటారా? ఆర్ఫియస్ వాళ్ళు ఏడాదికి మూడుసార్లు చెప్పిన తేదీకి తెర తీసి, తీసి, తయారుచేసుకున్నారు.

మాస్టారికి డెబ్బై నాలుగు. పోయినేడాది కంటే ఈసారి రాగం తీసేటప్పుడు మధ్యలో ఊపిరి ఎక్కువసార్లు తీసుకుంటున్నారు.

మూడు నాటకాలు అక్కర్లేదు. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగంలోంచి రాయబారం ఘట్టం ఒక్కటి చాలు. పట్టుమని పది పాత్రలు, ఒక హార్మోనియం, ఒక తబలా. సెట్టింగులకు నాలుగు కుర్చీలు, ఒక పట్టుపరదా. మాస్టారు ఇక్కడ ఉండే నెలల్లో ఒక శనివారం చూసి, చిన్న హాలు మాట్లాడి, ఏడాది ముందే తేదీ ప్రకటించాలి. టికెట్ పెట్టాలి, ఊరికే రానివ్వకూడదు. దుర్యోధనుణ్ణీ, కర్ణుణ్ణీ ఆ తర్వాత వెతుక్కోవచ్చు. ఇంతమంది సాఫ్ట్‌వేర్ వాళ్ళలో గద పట్టుకునేవాడు ఒక్కడు దొరకడా!

ఇరవై డాలర్లు పెట్టినా సరే, మొదటి రెండు టికెట్లూ నావి. ఎవరెవరు వేస్తున్నారని అడగను.