మన బోరు మనకుంది

కాలం మారిందని మా ఊళ్లో అందరం అంటాం. వానలు మునుపటిలా లేవంటాం, చెరువు ఆగమైందంటాం, పట్టించుకునే నాథుడు లేడంటాం. ముప్పై ఏళ్లుగా నేనూ ఇదే పాట పాడాను. మొన్న ఎండాకాలం ఊరికి పోయి చెరువుకట్ట ఎక్కితే ఆ మాట నోటికి రాలేదు. కట్టంతా నిలువెత్తు సర్కారు తుమ్మ. తూము దాకా పోవడానికి దారి లేదు. పోయినా దాన్ని ఎలా ఎత్తాలో నాకు తెలియదు. నా ఈడువాళ్లలో ఎవరికీ తెలియదు.

ఒకప్పుడు ఆ పనికి నీరటి ఉండేవాడు. ఎవరి మడికి ఎంతసేపు పారాలో ఆయనే చూసేవాడు, పంట చేతికొచ్చాక వడ్లు కొలిచిచ్చేవాళ్లం. అదేం రామరాజ్యం కాదు. రాత్రిపూట దొంగచాటుగా మడవ తిప్పుకున్నవాళ్లలో మా తాత కూడా ఉన్నాడు. ఆయకట్టు చివరన ఉన్న పేదల పొలాలు ముందుగా ఎండేవి. కానీ పూడిక తీయాలంటే ఇంటికొకరు పలుగు పార పట్టుకుని కదిలేవాళ్లు. తిట్టుకుంటూనే కలిసేవాళ్లు, ఎందుకంటే ఆ నీళ్లు తప్ప వేరే దిక్కు లేదు.

ఆ వేరే దిక్కు మాకు బోర్ల రిగ్గు చూపించింది. తమిళనాడు నంబరు ప్లేటుతో బండి ఊళ్లోకి వస్తే జాతరకు పోయినట్టు పోయాం. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని ఒకాయన చేనంతా తిరిగాడు. కాయ నిలబడ్డచోట కొట్టిస్తే రెండంగుళాల నీళ్లు పడ్డాయి. ఆ రాత్రి నాయిన అన్న మాట నాకింకా గుర్తే: "ఇగ చెరువు నిండితే ఏంది, నిండకపోతే ఏంది? మన బోరు మనకుంది."

మా కింద ఉన్నది నల్లరాయి. దానికి నీళ్లు దాచుకునే కడుపు లేదు, ఉన్నవి పగుళ్లే. చెరువు నిండి, ఆ నీళ్లు మెల్లగా ఇంకితే ఆ పగుళ్లలో ఊట. అంటే మేం వదిలేసిన చెరువే మా బోరును పోషించింది. ఈ సంగతి తెలియని అమాయకులమేం కాదు. పక్క చేను బోరు నడిస్తే మన బోరు ఆగుతుందని రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెలిసే ఇంకో వంద అడుగులు దించాం. పక్కాయన రెండొందలు దించాడు.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత కరెంటు వచ్చింది. ఏ రాత్రి వస్తుందో తెలియక అందరం మోటార్లకు ఆటోస్టార్టర్లు పెట్టుకున్నాం. కరెంటు రాగానే ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. కాలినప్పుడల్లా లైన్‌మన్‌ని తిట్టేవాళ్లం. 2018 జనవరి నుంచి తెలంగాణలో ఇరవై నాలుగు గంటలూ ఇచ్చారు, ఇక ఆటోస్టార్టర్లు తీసేయమన్నారు. మేం వెంటనే తీయలేదు. ముందు పక్కాయన తీస్తే చూద్దాం అనుకున్నాం. పక్కాయనా అదే అనుకున్నాడు.

అంతకుముందే, 2015లో తెలంగాణలో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైంది. నలభై ఆరు వేలకు పైగా చెరువులు లెక్కతేలాయి. మా చెరువులోనూ మిషన్లు దిగాయి. ఒండ్రుమట్టి కోసం ట్రాక్టర్లతో ఎగబడ్డాం. కట్ట మీద చెట్లు కొట్టడానికి, కాలువలో పూడిక తీయడానికి మాత్రం కాంట్రాక్టరు కోసం ఎదురుచూశాం. చెరువు శిఖం భూమిలో ఎవరెవరు గట్లు జరిపారో ఊరందరికీ తెలుసు, గ్రామసభలో ఒక్కరూ నోరెత్తలేదు. ఆ జరిపినవాళ్లలో మా చిన్నాయన ఉన్నాడు, అందుకే నేనూ ఎత్తలేదు. 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మాత్రం చెరువులు తవ్వించిన కాకతీయుల వారసులమని స్టేటస్ పెట్టుకున్నాను.

హైదరాబాద్‌లో నేను కొన్న ఫ్లాటు కూడా ఒక కుంట అంచునే ఉంది. కొనేముందు పాత మ్యాప్ చూశాను. అందరూ కొంటున్నారు కదా అని సంతకం పెట్టాను. 2020 అక్టోబరు వానకు సెల్లార్‌లో కార్లు మునిగితే, అపార్ట్‌మెంట్ మీటింగులో అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఎండాకాలంలో మళ్లీ ట్యాంకరు కోసం ఫోన్ చేసేదీ నేనే.

కాలంతో పాటు మేం మారలేదని ఎవరూ అనలేరు. ఎవరికి వారుగా, ఎంతో తెలివిగా మారాం. బావి ఎండితే బోరు, బోరు ఎండితే ఇంకో బోరు, అన్నీ ఎండితే పట్నం. ఇంతమంది తెలివైనవాళ్లం కలిసి ఒక్క తూము కాపాడుకోలేకపోయాం. దీన్ని కాలం మీదికి నెట్టడం నాకిక చేతకాదు.

మా పొలంలో ఇప్పటికి పదకొండు బోర్లు వేశాం. రెండే నడుస్తున్నాయి. పడని వాటిలో కొన్నింటి కేసింగు పైపులు పీకి అమ్ముకున్నాం, ఆ గుంతలు పూడ్చనే లేదు. మొన్న పోయినప్పుడు చూశాను. ఒకదాని నోటి మీద గోనెసంచి, దాని మీద ఒక రాయి. పక్కనే కూలీల పిల్లలు ఆడుకుంటున్నారు.