సంజాయిషీ మనమే రాసుకుందాం



ఈ నెల నుంచి ఆదివారం పొద్దున యూనియన్ ఆఫీసులో ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని రాత నేర్పాలని నిర్ణయించాం. ఇరవై ఏళ్లు సాంచా నడిపినవాళ్లకు ఇప్పుడు రాతేమిటని కొందరు నవ్వుతున్నారు. నవ్వనివ్వండి.

చార్జిషీటు చేతికి రాగానే మనవాళ్లు చాలామంది ఎవరితోనో "తప్పయింది, క్షమించండి" అని రాయించి సంతకం పెడతారు. మర్యాద కోసం రాసిన ఆ మాటనే విచారణలో నేరం ఒప్పుకున్నట్టు చదువుతారు. తారీకు, షిఫ్టు, సాంచా నంబరు, నూలు ఎన్నిసార్లు తెగింది, జాబరుకు ఎప్పుడు చెప్పాం - ఇవి రాస్తే చాలు. నోటితో చెప్పగలిగినవాడు రాయగలడు. మరాఠీలోకి మార్చడం మా వంతు. నకలు మీద అందినట్టు సంతకం తీసుకోవడం మరవకండి.

విచారణ కోసం సస్పెండు చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం, ఆలస్యం మన వల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం ఇవ్వాలి. పాత స్టాండింగ్ ఆర్డర్ల చట్టంలో 1982లో చేరిన ఈ హక్కు 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. కాగితం పెట్టి అడగనివాడికి ఎవరూ ఇంటికి తెచ్చి ఇవ్వరు.

బొంబాయిలో లోఖండే 1884లో ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం కోరుతూ అర్జీ రాసి 5,500 మంది మిల్లు కార్మికుల సంతకాలు చేయించారు. మళ్లీ మళ్లీ అడిగాక 1890లో సెలవు వచ్చింది. ఆయన నడిపిన దీనబంధు పత్రికకు ఆసరా ఇచ్చినవారిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు.

పాత చార్జిషీట్లు, వాటికిచ్చిన జవాబులు ఉంటే తీసుకురండి. వాటినే ముందు పెట్టుకుని దిద్దుకుందాం. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చేవారికి టీ మేమే ఇప్పిస్తాం.