కొబ్బరితోటలో దంపతులకు రెండు దినముల విడిది

పట్టణములలో ఉద్యోగములు చేయు యువదంపతులు శని, ఆదివారములు కలసివచ్చినపుడు మన కోనసీమకు వచ్చుచుండుట సభ్యమహాశయులందఱు చూచుచునే యున్నారు. దిండిలో పడవయింట నొక రాత్రి గడపి, అంతర్వేదియొద్ద వాసిష్ఠి సముద్రమున గలియుచోటు చూచి, తిరిగిపోవుచున్నారు. వారు మెచ్చునది మన తోట, మన కాలువ, మన వంట. వారు వెచ్చించు పైకములో మనలో పలువురకు దక్కునది త్రోవప్రక్కన అమ్మిన బొండము వెల మాత్రమే. ఇందును గూర్చి మన సంఘములు ఆలోచింపవలయునని మా యభిప్రాయము.

కాలిఫోర్నియాలోని నాపా లోయకును, మన దేశమున నాసికు ప్రాంతమునకును దంపతులు విహారమునకు పోవుట ద్రాక్షసారాయము కొఱకు మాత్రమే కాదు. తోటలో నడచుటకు, పండు రసమగు విధమును కన్నులార చూచుటకు, పండించినవారి నోట ఆ కథ వినుటకు పోవుదురు. ఇటలీ దేశమున 1985లో నొక చట్టము చేసిరి. సేద్యము చేయు రైతు తన యింట అతిథులకు బస యిచ్చి వెల గొనవచ్చును. కాని సేద్యమే ప్రధానముగను, బస దానికి తోడుగను ఉండవలయునని దాని సారాంశము. మహారాష్ట్ర ప్రభుత్వమును 2020లో వ్యవసాయ పర్యాటకమునకు ప్రత్యేక విధానము నంగీకరించినది. మనకు ద్రాక్ష లేదు, మద్యముతో పనియు లేదు. కొబ్బరి కలదు, దాని నీడను అరటియు, కోకోయు కలవు. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ మాట ముచ్చటకై చెప్పుట లేదు. 1996 నవంబరు తుపాను మన కొబ్బరిచెట్లను నేలగూల్చెను. 2011లో మురుగు పోవు దారిలేక, ధర గిట్టక, మన రైతులు సార్వా నాట్లు మాని పంటవిరామము ప్రకటించిరి. బ్రతుకుతెరువునకై కువైటు మొదలగు దేశములకు పోయిన స్త్రీపురుషులు మన గ్రామములలో ఎందఱో కలరు. భార్య యచట, భర్త యిచట, పిల్లలు తాతగారింట, ఏండ్లు గడచుచున్నవి. పట్టణపు దంపతులు కలసియుండుటకై వచ్చు గ్రామమున, ఆ గ్రామపు దంపతులకే కలసియుండు భాగ్యము లేకుండుట ఎంత విచారకరము! అతిథులవలన ఈ కష్టమంతయు తీఱునని మేము చెప్పము. ఖాళీగానున్న గదికి నెలకు నాలుగు రాత్రుల బాడుగ చేరినచో, అప్పు వడ్డీకి కొంత యూఱట కలుగునని మాత్రమే చెప్పుచున్నాము.

'పూటకూటి యిల్లు నడపుట రైతునకు తగునా?' యని కొందఱు పెద్దలడుగుదురు. భీష్మైకాదశినాడు అంతర్వేది రథోత్సవమునకును, కనుమనాడు జగ్గన్నతోట ప్రభలతీర్థమునకును వచ్చిన చుట్టములకు అన్నము పెట్టుట మన యిండ్లకు క్రొత్తయా? తన యింట బసకు వెల గొనుట రైతునకు తప్పు కాదు. తోటను పరులకమ్మి, ఆ తోటకే కావలివాడుగా కుదురుట తప్పు. మఱికొందఱు క్రొత్తవారి రాకచే ఆచారము చెడునని జంకుదురు. నియమములను ఊరే వ్రాసికొన్నచో ఆ జంకునకు తావుండదు. అయితే వచ్చినవారి కులమేమి, పెండ్లియై యెన్నాళ్లయ్యె, పిల్లలెందఱు అని గ్రుచ్చి గ్రుచ్చి యడుగుట మనమును మానుకొనవలయును. ఏకాంతము కోరి వచ్చినవారికి ఏకాంత మిచ్చుటయే మర్యాద.

కావున సంఘములు చేయదగిన పని యిది. బస యియ్యగల యిండ్ల పట్టికను వ్రాసి, అతిథులను వంతు ప్రకారము పంపవలయును. ధర అందఱికి నొక్కటే కావలయును. గదికి శుభ్రమైన మరుగుదొడ్డి, మంచమునకు దోమతెర తప్పక యుండవలయును. భోజనము ఇంటివారు తినునదే చాలును. మొదటినాడు ధవళేశ్వరపు ఆనకట్ట, ర్యాలిలోని జగన్మోహినీ కేశవస్వామి ఆలయము, ఆత్రేయపురమున బోర్లించిన కుండపై రేకు తీయు విధము చూపి, సాయంకాలము తోటలో విడువవచ్చును. మఱునాడు అప్పనపల్లి, దిండి, అంతర్వేది. 2019 సెప్టెంబరులో కచ్చులూరువద్ద జరిగిన పడవప్రమాదమును మఱువక, తేలుడు చొక్కా లేనిదే యెవరిని పడవ యెక్కింపరాదు. ఆషాఢము మొదలు భాద్రపదము వఱకు, వఱద దినములలో, లంకలకు అతిథులను పిలువనే రాదు.

కాటను దొరగారు 1852లో ఆనకట్టను ముగించినను, పిల్లకాలువ త్రవ్వికొనని పొలమునకు నీరు రాలేదు. ఇప్పుడు మన వాకిటి మీదుగా పోవుచున్న యీ రాబడియు నట్టిదే. ఒంటరి రైతు దీనిని మళ్లించుకొనజాలడు, సంఘము మళ్లింపగలదు. రాబోవు మహాజనసభలో ప్రతి సంఘమును ఈ విషయమును చర్చకు పెట్టి, పది యిండ్లతోనైనను ఆరంభింపవలయునని సోదర రైతులను ప్రార్థించుచున్నాము.