అందరి వసతిగృహము

విద్యాలయమున ప్రవేశము లభించుట యొకటి. అచ్చట నివసించి చదువుకొనగలుగుట వేరొకటి. మొదటిదానినిచ్చి రెండవదానిని మరచుట, అతిథికి ఆహ్వానము పంపి తలుపు గడియ వేసికొనుటవంటిది.

2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో నూటికి ఐదు సీట్లకు తక్కువ కాకుండ వికలాంగులకు కేటాయింపవలెనని శాసించినది. విద్యాసంస్థల భవనములును ఆవరణలును వారికి అనువుగా నుండవలెననియు అదియే చెప్పుచున్నది. సీట్ల మాట పలువురకు తెలియును. భవనముల మాట కొందరికే జ్ఞాపకముండును.

రంగారెడ్డి జిల్లాలోని బాలాపూరునుండి, చక్రాల కుర్చీపై సంచరించు బాలిక యొకతె నగరములోని విశ్వవిద్యాలయమున చేరినదని భావింపుడు. దూరము స్వల్పమే యైనను, ఎత్తైన మెట్లుగల బస్సులలో ప్రతిదినము పోయివచ్చుట ఆమెకు దుస్సాధ్యము. ఇతరులకు వసతిగృహము సౌకర్యము; ఆమెకు అదియే చదువు. ఆ గృహద్వారమున మూడే మెట్లున్నను అవి కోటగోడవలె అడ్డునిలుచును. క్రిందియంతస్తున గది యిచ్చి భోజనశాలను మేడపై నుంచినచో ఫలమేమి? స్నానపుగది తలుపు కుర్చీకంటె ఇరుకైనచో ఫలమేమి?

ఈ చిక్కు ఇతర దేశములవారును ఎదుర్కొనినదే. అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అను బాలుడు 1953లో, పదునాలుగవ యేట, పోలియో వ్యాధిచే మెడ క్రిందిభాగమున చలనము కోల్పోయెను. రాత్రులందు ఊపిరి యాడుటకై అతడు ఇనుప యంత్రములో శయనింపవలసివచ్చెను. 1962లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చేరినపుడు, ఆ బరువైన యంత్రమునకు తగిన వసతిగృహము లేకపోయెను. కావున అతనికి విశ్వవిద్యాలయ వైద్యశాలలో నివాస మేర్పరచిరి. రోగి కానివాడు రోగులుండుచోట కాపురముండెను! క్రమముగా అట్టి విద్యార్థులు మరికొందరు అచ్చట చేరిరి. వారందరు కూడి యోచించి, 1970లో వికలాంగ విద్యార్థులకు గృహములను, సహాయకులను సమకూర్చు కార్యక్రమమును నెలకొల్పిరి. "ఇతడు ఉద్యోగమునకు పనికిరాడు" అని తలచి తొలుత సహాయము నిరాకరించిన పునరావాస శాఖకే రాబర్ట్స్ 1975లో అధిపతి యయ్యెను.

కొందరికొరకు ఇంత వ్యయ మేల యని ప్రశ్నించువారు కలరు. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవున వాలుబాట వేయవలెనని ప్రమాణము. పునాదినాడే దీనిని తలంచినచో వ్యయము స్వల్పము. కట్టిన పిమ్మట పడగొట్టి సవరించుటయే భారము. కాలు విరిగిన క్రీడాకారుడును, బరువు మోయు కూలివాడును, మనుమని చూడవచ్చిన ముదుసలియు ఆ బాటనే నడతురు.

మిత్రులు ఎత్తికొనిపోవుదురు గదా యని మరికొందరందురు. స్నేహము గొప్పదే. కాని దాహమైనపుడెల్ల ఒకరి రాకకై ఎదురుచూచువాడు లోలోన క్రుంగిపోవును. అడుగకయే పోగలిగినచోట స్నేహము స్నేహముగా నిలుచును. అట్లే చూపులేనివారికి కాలికి తెలియు గుర్తులుగల బాటయు, చెవి వినబడనివారికి అగ్నిప్రమాదమును తెలుపు దీపమును అవసరము. ఇవి దయాధర్మములు కావు, హక్కులు.

ఈ విషయమున హైదరాబాదునకు గర్వింపదగిన పాత్ర కలదు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమునందలి వికలాంగ అధ్యయన కేంద్రము సుప్రీంకోర్టు కోరికపై వికలాంగుల సౌలభ్యమునుగూర్చి నివేదిక సమర్పించెను. దానిని పరిశీలించి న్యాయస్థానము 2024 నవంబరు 8వ తేదీన, సౌలభ్య ప్రమాణములు వట్టి సలహాలుగా మిగులరాదనియు, తప్పక పాటింపవలసిన నియమములను ప్రభుత్వము చేయవలెననియు తీర్పు చెప్పెను.

తీర్పు కాగితముపై నుండును. మెట్లు నేలపై నుండును. రేపు ఇంజనీరులై, అధికారులై వసతిగృహములు కట్టింపబోవువారు నేటి బాలబాలికలే. వారు నేడే తమ పాఠశాల మెట్లను లెక్కింపవలెను. చక్రాల కుర్చీపై వచ్చు తోటివాడు నీటికుళాయిని, గ్రంథాలయమును, ఆటస్థలమును చేరగలడా యని పరీక్షింపవలెను. చేరలేనిచో లోపము వాని కాళ్లలో లేదు, కట్టడమున నున్నది. కట్టడమును సవరించుట మనుష్యులకు సాధ్యమైన పనియే.