రాతా, రేసూ రెండూ

ప్రియమైన తల్లిదండ్రులకు,

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు చూసిన మన చిట్కుల్ పిల్లలకు పాల్ ఫ్రేర్ గురించి చెప్పండి. ఈ బెల్జియన్, కార్ల గురించి రాసే జర్నలిస్టు. 1956 బెల్జియన్ గ్రాండ్ ప్రీలో ఫెరారీ నడిపి రెండో స్థానంలో నిలిచారు. 1960లో ఒలివియే జాండెబియాన్‌తో కలిసి లెమాన్స్ 24 గంటల రేసు గెలిచారు. అప్పటికి ఆయన వయసు 43. అయినా రాయడం మానలేదు.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టులు చేసి ఫీజులు కట్టే మీ భయం నాకు తెలుసు. ఎంపీసీ, బైపీసీ సీటు ముఖ్యమే. కానీ దానికోసం పిల్లల రాతలూ బొమ్మలూ ఆటలూ అటకెక్కించకండి. రోజుకు అరగంట వాటికి వదలండి. ఏది అన్నం పెడుతుందో పదిహేనేళ్లకే తేలిపోదు.

- మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్