క్లిక్‌ కొట్టాక ఒక్క మాట

పోయిన వానాకాలం హైదరాబాద్‌లో ఒక చెరువు గట్టు మీద ఫొటో తీశాను. సన్నటి చినుకులు, గొడుగు కింద మొక్కజొన్న కంకులు కాలుస్తున్న పెద్దాయన, మొహం మీద నిప్పుల ఎర్రటి వెలుగు. ఆయన నన్ను చూడలేదు. అందుకే అంత బాగా వచ్చిందనుకున్నా. ఇన్‌స్టాలో పెట్టేశా. లైకులే లైకులు! ఆ వారం ఆఫీసులో నేనే హీరో.

నెల తర్వాత అక్కడికే వెళ్లి కంకి అడిగా. మెడలో కెమెరా చూసి ఆయనే అన్నాడు: "నా ఫొటో తీసింది నువ్వేనా బిడ్డా? ఊర్ల అందరికీ వాచ్‌మన్‌ కొలువని చెప్పిన. మా అల్లుడు ఫోన్ల చూసిండు."

కోపం లేదు. కంకికి ఉప్పూకారం, నిమ్మకాయ రాసి చేతిలో పెట్టాడు. నాకే మింగుడుపడలేదు.

అక్కడే పోస్టు డిలీట్‌ చేశా. కానీ నేను చేసే పనే సాఫ్ట్‌వేర్‌ కదా, తెలుసు. నా డిలీట్‌ బటన్‌ నా పోస్టునే తీసేస్తుంది. అప్పటికే పాకిన స్క్రీన్‌షాట్లనీ, వాట్సాప్‌ ఫార్వర్డ్‌లనీ కాదు.

"పబ్లిక్‌ ప్లేస్‌ కదా, తప్పేముంది?" అన్నాడు ఫ్రెండ్‌. నిజమే, రోడ్డు మీద మనుషుల్ని ఫొటో తీయడమే నేరమనే చట్టం మనకి లేదు. కానీ 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ప్రైవసీ ప్రాథమిక హక్కని తేల్చారు. జస్టిస్‌ చంద్రచూడ్‌ రాసిన తీర్పులో ఇంకో మాట ఉంది. నలుగురిలోకి వచ్చినంత మాత్రాన ప్రైవసీ పోదు. అది మనిషిని అంటిపెట్టుకుని ఉంటుందని దాని సారాంశం.

గట్టు మీద ఆయన్ని రోజూ ఎంతోమంది చూస్తారు. దానికి ఆయన సిద్ధపడే కూర్చున్నాడు. ఊళ్లో అల్లుడు చూడ్డానికి కాదు. ఆ రెండింటి మధ్య దూరాన్ని నేను ఒక్క ట్యాప్‌తో చెరిపేశా.

క్యాండిడ్‌ ఫొటోలు మానేయలేదు. ముందు తీస్తా, వెంటనే వెళ్లి చూపించి "పెట్టుకోవచ్చా?" అని అడుగుతా. వద్దంటే వాళ్ల ముందే తీసేస్తా. నిద్రపోతున్నవాళ్లు, ఏడుస్తున్నవాళ్లు, ఒంటరిగా ఉన్న పిల్లల జోలికి మాత్రం అస్సలు పోను. మెట్రోలో నోరు తెరిచి నిద్రపోయే బ్యాచ్‌లో నేనూ ఉన్నా మరి!

మొన్న వాన పడితే మళ్లీ వెళ్లా. ఈసారి ముందే అడిగా. "మొఖం వద్దు బిడ్డా, చేతులు తీసుకో" అన్నాడు. నిప్పుల మీద విసనకర్ర ఊపుతున్న చేతులు తీశా. ఇది రాస్తానని కూడా చెప్పా. పేరు వద్దన్నాడు. అది ఏ చెరువో అందుకే రాయలేదు.

కొత్త ఫొటోకి పాతదానికి వచ్చినన్ని లైకులు రాలేదు. కానీ తనకీ పంపమని ఆయన నంబరిచ్చాడు.